ఓనరు నడిచే దారి

కొత్త క్లయింటు ఎవరొచ్చినా నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే. "తమరి ఇల్లెక్కడండీ?"

మర్యాదకి అడుగుతున్నానని అనుకునేవారు పాపం. ఫలానా వీధి, ఫలానా సందు అని చెప్పేవారు. ఎదురుగా ఏముందో, పొద్దున్నే షాపుకి ఏ దారిన వస్తారో, మధ్యాహ్నం భోజనానికి ఎటు వెళ్తారో కూడా అడక్కుండానే చెప్పేసేవారు. టీ తెప్పించేవారు. నేను టీ తాగుతూ బుర్రలో ఆ దారి గీసుకునేవాణ్ణి.

నర్సీపట్నంలో పాతికేళ్ళ పైచిలుకు ప్రకటనల పని చేశాను. గోడ రాతలతో మొదలుపెట్టి ఫ్లెక్సీలు, కరపత్రాలు, ఆటో మైకులు, కేబుల్ టీవీలో కింద పరుగెత్తే అక్షరాలు, చివరికి సెల్ ఫోను దాకా వచ్చాను. రెండేళ్ళ క్రితం ఏజెన్సీని హిమబిందు అనే అమ్మాయికి అప్పగించి ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నాను అనడం అబద్ధం. మా ఆవిడ అన్నట్టు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. బయటికెళ్తే ప్రతి బోర్డూ చదువుతాను. కట్టు వదులైన ఫ్లెక్సీ కనిపిస్తే ఆగి బిగిస్తాను, అది ఎవరిదో నాకు తెలీకపోయినా సరే.

హిమబిందు దగ్గర కొత్తగా ముగ్గురు పిల్లలు చేరారు. "అంకుల్, క్లయింటు నమ్మకం ఎలా సంపాదించాలో నాలుగు పేజీలు రాసివ్వండి, వీళ్ళ చేత చదివిస్తాను" అని అడిగింది. సరే అన్నాను. వారం రోజులు రాయలేకపోయాను. ఎందుకు రాయలేకపోయానో చివర్లో చెప్తాను. సన్మానాలూ ప్రమోషన్లూ ఇందులో ఉండవు. నా ఏజెన్సీలో మేనేజరునీ నేనే, నిచ్చెన మోసేవాణ్ణీ నేనే.

అప్పారావు గారు నేర్పిన పని

నాకు పని నేర్పినాయన యలమంచిలిలో ఉండే పెయింటరు అప్పారావు గారు. హైవే పక్క గోడల మీద సిమెంటు, ఎరువులు, పళ్ళపొడి, ఏదైనా ఆయన చేతి రాతే. గోడకి సున్నం కొట్టి, ఆరక ముందే తాడుతో గీతలు కొట్టి, అక్షరం మొదలుపెడితే చివరిదాకా చెయ్యి ఆగేది కాదు. మనిషి మాత్రం చిరాకు. కుంచె సరిగ్గా కడగకపోతే ఆ కుంచెతోనే వీపు మీద ఒక గీత గీసేవాడు.

ఒకసారి ఒక ఎరువుల షాపాయన పది గోడలు రాయమన్నాడు. నేను పల్లెటూళ్ళ జాబితా ఒకటి తయారుచేసి పట్టుకెళ్ళాను. అప్పారావు గారు ఆ కాగితం చూసి నవ్వాడు.

"ఏట్రా ఇది? ఈ ఊళ్ళన్నీ ఆయనెప్పుడైనా ఎల్తాడేటి?"

"రైతులుంటారు కదండీ."

"రైతులు సూసేరో నేదో ఆయనకెవులు సెప్తారు? ముందు ఆయన కంట్లో పడాల. ఇంటికాడ ఒకటి, షాపు మలుపులో ఒకటి, అత్తోరి ఊరి దార్లో ఒకటి రాసీ. మళ్ళీ యేడు ఆడే పిలుస్తాడు."

అలాగే రాశాం. మరుసటేడు ఆయనే పిలిచాడు. "ఎక్కడికెళ్ళినా నా పేరే కనిపిస్తందయ్యా" అని మురిసిపోయాడు. పదిలో ఏడు గోడలు ఆయన తిరిగే దారుల్లోనే ఉన్నాయి మరి, కనిపించక ఏం చేస్తుంది?

మా లైనులో దీన్ని 'ఓనరు దారి' అనేవాళ్ళం. నేను నర్సీపట్నం వచ్చి సొంతంగా షాపు తెరిచాక తెలిసింది, ఇది అప్పారావు గారొక్కడి తెలివి కాదు, అందరూ చేసేదే అని. ఫ్లెక్సీలు కట్టేవాళ్ళు ముందు ఓనరు ఇంటి ముందు కట్టి, ఆయన ఇంట్లో ఉన్నాడని తెలిస్తే కావాలనే కాస్త గట్టిగా మాట్లాడుకుంటారు. ఆటో మైకు అతను ఓనరు వీధిలో రెండు సార్లు తిరిగి, తర్వాత ఏ తాండవ కాలువ గట్టునో నీడ చూసుకుని ఆగుతాడు. ఇందులో దొంగతనం ఉందని మాకు ఎప్పుడూ అనిపించలేదు. చెప్పినన్ని బోర్డులు కడుతున్నాం, ఫొటోలు తీసి చూపిస్తున్నాం. ఎక్కడ కడుతున్నాం అన్నదొక్కటే తేడా.

సూరిబాబు గారు

నన్ను అందరికంటే ఎక్కువ నమ్మినాయన సూరిబాబు గారు. మెయిన్ రోడ్డులో బట్టల షాపు. చీరలు, పంచెలు, పెళ్ళి బట్టలు. కింద షాపు, మేడ మీద ఇంకో షాపు. కొనేవాళ్ళలో ఎక్కువమంది గొలుగొండ, నాతవరం, మాకవరపాలెం వైపు పల్లెల వాళ్ళు. చెరకు డబ్బు చేతికొచ్చాక, జీడితోటల కాపు అమ్ముకున్నాక కుటుంబంతో సహా దిగేవారు.

ఆయన ఇల్లు పెదబొడ్డేపల్లిలో. రోజూ నడిచే షాపుకొచ్చేవారు. ఆ దారి పొడుగునా నా బోర్డులే. మలుపు దగ్గర ఒక పొడుగాటి ప్రహరీ గోడ ఉండేది. దాని మీద ఆయన షాపు పేరు నేనే స్వయంగా రాశాను, పసుపు మీద ఎర్రక్షరాలు. ఏటా వానలయ్యాక మళ్ళీ దిద్దేవాణ్ణి. ఆయన ఆ గోడ దగ్గర ఒక్క క్షణం ఆగి, పైకీ కిందకీ చూసి, అప్పుడు ముందుకి నడిచేవారు.

లెక్క ఎప్పుడూ అడగలేదు. నేను ఫొటోలు పట్టుకెళ్తే పక్కన పెట్టేసేవారు. "నాకెందుకయ్యా ఈటి ఫొటోలు? రోజూ సూస్తన్నాను కదా" అనేవారు. షాపుకొచ్చిన ప్రతి వ్యాపారస్తుడికీ నా పేరు చెప్పేవారు. "ఆయన్నేటీ అడక్కండి, నమ్మీయండి" అనేవారు. నా క్లయింట్లలో సగం మంది ఆయన పంపినవాళ్ళే. నేను పొంగిపోయేవాణ్ణి. క్లయింటు నమ్మకం అంటే ఇదీ అని నా దగ్గర పనిచేసే వాళ్ళకి ఆయన్ని చూపించి చెప్పేవాణ్ణి.

ఆ రోజుల్లో ఎవరైనా నన్ను వ్యాసం రాయమని అడిగి ఉంటే ఒక్క గంటలో రాసిచ్చేవాణ్ణి.

దారి మూసేసిన నెల

పద్మావతి గారు విశాఖపట్నంలో ఒక కంటి ఆసుపత్రిలో కళ్ళు పరీక్ష చేసే పనిలో ఉండేవారు. సొంతూరు బలిఘట్టం. ఆరు నెలలు జీతం లేని సెలవు పెట్టి నర్సీపట్నంలో కళ్ళజోళ్ళ షాపు తెరిచారు. నడిస్తే ఇక్కడే ఉంటారు, లేకపోతే ఆరు నెలలు నిండగానే మళ్ళీ ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళిపోవాలి. ఈ మాట మొదటి రోజే నాకు సూటిగా చెప్పారు.

నేను యథాప్రకారం అడిగాను. "తమరి ఇల్లెక్కడండీ?"

ఇరవై బోర్డులు కట్టాం. బలిఘట్టం నుంచి ఆవిడ షాపు దాకా దారి కళకళలాడిపోయింది. ఆవిడ ఫొటో, తెల్లకోటు, చిరునవ్వు, పక్కన ఒక పెద్ద కళ్ళజోడు. నాలుగో రోజున ఆవిడే ఫోను చేసి బోర్డులు చాలా బాగున్నాయన్నారు. నేను లోపల నవ్వుకున్నాను.

అయితే ఆవిడకో అలవాటుంది. షాపులోకొచ్చిన ప్రతి మనిషినీ "మా షాపు గురించి ఎలా తెలిసిందండీ?" అని అడిగి ఒక నోటుబుక్కులో రాసుకునేవారు. ఆసుపత్రిలో రోగి చెప్పింది చెప్పినట్టు రాయడం అలవాటు, అదే ఇక్కడా. నాకా సంగతి తెలీదు.

రెండో నెలలో బలిఘట్టం దారిలో కల్వర్టు పని పెట్టి రోడ్డు మూసేశారు. ఆవిడ పక్క ఊళ్ళ మీదుగా చుట్టూ తిరిగి, ఇంకో వైపు నుంచి టౌనులోకి రావాల్సి వచ్చింది. వారం రోజులు అలా తిరిగారు. ఎనిమిదో రోజు పొద్దున్నే నా ఆఫీసుకొచ్చి, కుర్చీ చూపిస్తే కూర్చోకుండా నిలబడే అడిగారు.

"ఏటండీ, నా బోర్డులు నేను సూసుకోడానికేనా?"

నాకు అర్థమైంది. అర్థం కానట్టు మొహం పెట్టాను. అటు వైపు కూడా కట్టామనీ, గాలికి పోయి ఉంటాయనీ అన్నాను.

"గాలి కూడా మా ఇంటి దారొదిలీసి ఆ రోడ్లోనే కొట్టిందేటండీ?"

ఆవిడ సంచిలోంచి నోటుబుక్కు తీసి నా టేబులు మీద పెట్టారు. ఒక్కో పేజీ తిప్పాను. 'బస్సు దిగి చూశాను.' 'మా వదిన చెప్పింది.' 'పక్క మందుల షాపులో అడిగాను.' 'ఊరికే వచ్చాను.' రెండు నెలల పేజీల్లో బోర్డు చూసి వచ్చినవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరిదీ బలిఘట్టమే.

"నాకింకా నాలుగు నెల్లున్నాయి" అన్నారు. "వేరే వాళ్ళ దగ్గరికెళ్తే మళ్ళీ మొదట్నించీ మొదలెట్టాలి. మీరు నిజం సెప్పండి. సెప్తే మీతోనే సేస్తాను."

అప్పటికి ఆ వృత్తిలో నాకు జుట్టు నెరిసింది. ఓనరు దారి గురించి ఒక్క ఓనరుకి కూడా ఆ రోజు దాకా నేను చెప్పలేదు. చెప్పాను. అప్పారావు గారి దగ్గర నుంచి మొదలుపెట్టి, ఇల్లెక్కడని ఎందుకు అడిగానో కూడా చెప్పాను. ఆవిడ తిడతారనుకున్నాను. తిట్టలేదు, ఒక ప్రశ్న వేశారు. అది తిట్టు కంటే గట్టిగా తగిలింది.

"మా ఇంటి దారి మీకు బాగా తెలుసు. మా కళ్ళజోడు కావల్సినోళ్ళు ఏ దార్న ఎల్తారో తెల్సా?"

నాకు తెలీదు.

సూది, దారం

ఆ మర్నాడే ఒక ఆటో మాట్లాడుకుని ఇద్దరం బయల్దేరాం. పిల్లలూ, ఇది చదివేటప్పుడు గుర్తుపెట్టుకోండి, నా వృత్తిలో నేను నిజంగా పని నేర్చుకున్నది ఆ నాలుగు రోజుల్లోనే. ఆవిడే ముందు నడిచారు, నేను వెనక సంచి పట్టుకుని నడిచాను.

మొదట ఒక జీడిపిక్కల షెడ్డుకి వెళ్ళాం. ఆడవాళ్ళు వరసగా కూర్చుని పప్పు మీద పొట్టు తీస్తున్నారు. నలభై దాటినవాళ్ళు పప్పుని కంటికి దూరంగా, చెయ్యి చాచి పట్టుకుంటున్నారు. నేను ఆ షెడ్డు యజమానికి పూర్వం బోర్డులు కట్టినవాణ్ణే, ఇలా చెయ్యి చాచడం ఎన్నడూ చూడలేదు. పద్మావతి గారు సంచిలోంచి సూదీ దారం తీసి ఒకావిడకిచ్చారు.

ఆవిడ రెండు సార్లు ప్రయత్నించి పక్కన పెట్టేసింది. "సూది కన్నం కనబడ్నేదమ్మా. మా మనవరాలు ఎక్కిస్తాది."

"ఎన్నాళ్ళయింది?"

"నాలుగైదేళ్ళయిందేమో. వయసైపోయింది కదేటి, ఇంకేటి సేస్తాం?"

పద్మావతి గారు తనతో తెచ్చిన అద్దాల్లో ఒకటి ఆవిడ కళ్ళకి పెట్టారు. ఆవిడ మళ్ళీ సూది తీసుకుంది. ఒక్కసారికే దారం ఎక్కింది. ఆవిడ ఆ సూదిని పక్కావిడకి, ఆ పక్కావిడకి చూపించి "ఓలమ్మో, సూడండే" అని అరిచింది. షెడ్డంతా పని మానేసి మా చుట్టూ చేరింది. యజమాని కేకలేస్తుంటే మేం బేగి బయటపడ్డాం.

ఆటోలో కూర్చున్నాక నేను అన్నాను, "బోర్డు మీంచి మీ ఫొటో తీసేద్దామండీ." ఆవిడ "నేనూ అదే అందామనుకుంటన్నాను" అన్నారు.

ఆ తర్వాత బోర్డు మీద ఒకే వాక్యం రాశాం: 'సూదిలో దారం ఎక్కడం లేదా?' కింద చిన్నగా షాపు ఉన్న చోటు. పెద్ద ఫ్లెక్సీలు మానేసి చేతి వెడల్పు రేకు ముక్కల మీద రాశాను. టైలర్ల షాపుల్లో కుట్టు మిషను పక్కన, షెడ్ల గేట్ల దగ్గర, సంతలో సూదులూ పిన్నులూ అమ్మేవాళ్ళ దగ్గర పెట్టించాం. వాటిలో ఒక్కటి కూడా ఆవిడ రోజూ వచ్చే దారిలో లేదు. "ఒక్కటైనా మా వీధిలో పెట్టండి, మా అమ్మ సరదాపడతాది" అని ఆవిడే అడిగారు ఒకసారి. నేను ఒప్పుకోలేదు. ఇద్దరం నవ్వుకున్నాం.

నోటుబుక్కులో పేజీలు మారాయి. 'టైలరు దగ్గర చూశాను.' 'సంతలో చదివించుకున్నాను.' ఐదో నెల చివర్లో ఆవిడ ఆసుపత్రికి రాజీనామా కాగితం పంపించారు. పంపించే ముందు నాకు ఫోను చేసి "పంపించీమంటారా?" అని అడిగారు. పంపించెయ్యండని ధైర్యంగా చెప్పలేకపోయాను. మూడు నెలలు నాకు డబ్బివ్వడం మానేసి అది చేతిలో ఉంచుకోండి, ఆ తర్వాత చూద్దాం అన్నాను. ఆవిడ "సరే, ఇప్పుడు పంపిస్తాను" అన్నారు.

ఇప్పటికీ ఆ షాపు ఉంది. ఆవిడ నన్ను నమ్ముతారా అంటే నమ్ముతారు, తన పద్ధతిలో. "వారానికోసారి ఆ సుట్టుదారినే ఇంటికెల్తానండి, ఏటనుకోకండి" అని నాతోనే అన్నారు. ఏమీ అనుకోలేదు. కొత్తగా ఈ పనిలోకొచ్చే మీకు చెప్పేదొకటే: ఇలాంటి క్లయింటు దొరికితే చిరాకు పడకండి. మిమ్మల్ని తనిఖీ చేసే మనిషి మీ దగ్గరే ఉండిపోవాలనుకుంటున్న మనిషి.

హిమబిందు అడిగిన ప్రశ్న

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి వ్యాసమే. ఆపేద్దామనే అనుకున్నాను.

మొన్నామధ్య ఆఫీసుకెళ్ళాను. హిమబిందు కొత్త పిల్లలకి కంప్యూటరులో పని చూపిస్తోంది. ఒక స్వీటు షాపు ప్రకటన ఫోనుల్లో ఎక్కడెక్కడ కనిపించాలో మ్యాపు మీద గుండ్రంగా గీతలు గీస్తున్నారు. ఒక గీత మరీ చిన్నది, నాలుగు వీధులు పట్టేంత.

"ఇదేటమ్మా?" అన్నాను.

"అది ఓనరు గారి ఇల్లు అంకుల్. ఆ సుట్టుపక్కల ఎక్కువ కనిపించేటట్టు పెడతాం. ఆయన ఫోను తీస్తే తన యాడ్ రాకపోతే మనకి ఫోన్లు సేసి సంపేస్తాడు."

కొత్త పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గట్టిగానే కేకలేశాను. పద్మావతి గారి కథ మొత్తం చెప్పాను. హిమబిందు ఓపిగ్గా విని, చాలా మామూలుగా అడిగింది.

"తర్వాత మిగతా క్లయింట్లందరికీ కూడా ఈ మాట సెప్పీసేరా అంకుల్?"

చెప్పలేదు. పద్మావతి గారు నన్ను పట్టుకున్నారు కాబట్టి చెప్పాను. ఆ తర్వాత కొత్తగా వచ్చినవాళ్ళకి సరైన పనే చేశాను. పాతవాళ్ళ దగ్గర మాత్రం పాత దారే. ఎందుకు మార్చాలి? వాళ్ళు సంతోషంగా ఉన్నారు. మారిస్తే ఎందుకు మార్చావని అడుగుతారు. అడిగితే ఇన్నాళ్ళూ ఏం చేశావో చెప్పాలి.

సూరిబాబు గారి బోర్డులు నేను రిటైరయ్యే దాకా పెదబొడ్డేపల్లి దారిలోనే ఉన్నాయి. ఈలోగా ఆయన పల్లెల జనం అనకాపల్లి, విశాఖపట్నం షాపింగు మాళ్ళకి పోవడం మొదలుపెట్టారు. ఆ మాళ్ళ ప్రకటనలు నాతవరంలో ఉన్నాయి, గొలుగొండలో ఉన్నాయి. ఆయనవి లేవు. ముందు మేడ మీద షాపు మూసేశారు. పోయినేడు కింద షాపు కూడా అద్దెకిచ్చేశారు. బోర్డులుంటే ఆ షాపు నిలబడేదని నేను చెప్పలేను. నిలబడేది కాదనీ చెప్పలేను. నా మనసు కుదుట పడనిది ఇక్కడే. షాపు మూసిన రోజు కూడా ఆయన నాతో "నీ పని నువ్వు బాగానే సేసేవయ్యా, కాలం బానేదు" అన్నారు. నేను అవునన్నట్టు తలూపాను.

ఆ తల ఊపడం గుర్తొస్తే ఇప్పటికీ ఉన్నచోట ఉండలేను. నమ్మకం గురించి రాయమంటే వారం రోజులు రాయలేకపోయింది అందుకే.

పెదబొడ్డేపల్లి గోడ

హిమబిందు ప్రశ్న వేసిన నాలుగో రోజు సూరిబాబు గారింటికి వెళ్ళాను. మధ్యాహ్నం మూడు గంటలై ఉంటుంది. వరండాలో కూర్చుని, మిగిలిపోయిన జాకెట్టు ముక్కలు మడతపెడుతున్నారు. షాపు లేకపోయినా ఆ చేతులకి మడత పెట్టకుండా తోచదు. నన్ను చూడగానే లోపలికి కేకేసి టీ పెట్టమన్నారు. టీ రాక ముందే చెప్పేశాను. టీ తాగాక అయితే చెప్పలేనని నాకు తెలుసు.

ఆయన వింటూ ఇంకో ముక్క మడతపెట్టారు. దాన్ని దొంతర మీద పెట్టి అడిగారు.

"నాతవరం రోడ్లో లేవా?"

"లేవండీ."

"గొలుగొండలో?"

"మొదట్లో ఒకటుండేదండీ. తర్వాత లేదు."

"మాకవరపాలెం సంతలో?"

"లేదండీ."

"మరి కోటవురట్ల ఎల్లే దార్లో, నీ ఫొటోలో సూపించేవు?"

"అది మీ పెద్దమ్మాయి గారి ఊరి దారండీ. మీరు వెళ్తుంటారని."

ఒక్కో ఊరి పేరూ ఇలాగే అడిగారు. తన దగ్గర బట్టలు కొన్న ప్రతి ఊరూ ఆయనకి గుర్తుంది. నేను ప్రతిదానికీ లేదండీ, లేదండీ అని చెప్పుకుంటూ వచ్చాను. టీ వచ్చింది. ఎవరమూ ముట్టుకోలేదు.

"నేను అందరికీ సెప్పేనయ్యా, నీ గురించి" అన్నారు చివరికి. కోపంగా అనలేదు. "ఏటీ అడక్కండి, నమ్మీయండని. ఆళ్ళందరికీ కూడా ఇంతేనా?"

"చాలామందికి ఇంతేనండీ."

ఆయన చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది. "రోజూ ఆ గోడ సూసుకుని నడిసేవోణ్ణి. నా పేరు జిల్లా అంతా ఇలగే ఉందనుకునేవోణ్ణి" అన్నారు. నేను క్షమించమన్నాను. ఆయన ఆ మాట విననట్టే ఇంకో ముక్క అందుకున్నారు. నేను లేచి వెళ్ళబోతుంటే వెనక నుంచి అన్నారు.

"ఆ గోడ మీద నా పేరింకా ఉంది కదా. దాన్ని తుడిపీ. నా మాటిని నీకాడికొచ్చినోళ్ళు ఎంతమందో నీకు తెల్సు. నేను పంపినోళ్ళకి నువ్వే ఎల్లి సెప్పు. మిగతాది తర్వాత మాటాడుదుం."

మర్నాడు పొద్దున్నే సున్నం బకెట్టు, కుంచె పట్టుకుని ఆ గోడ దగ్గరికెళ్ళాను. నిచ్చెన ఎక్కి చాలా ఏళ్ళయింది. గోడ యజమాని బయటికొచ్చి "కొత్త యాడ్ ఏదేనా వొస్తందేటండీ?" అని అడిగాడు. ఏదీ రావడం లేదని చెప్పాను. ఒక పూత వేశాను. ఆరాక చూస్తే సున్నం కింద నుంచి ఎర్రక్షరాలు లేతగా కనిపిస్తూనే ఉన్నాయి. ఏటా నేనే దిద్ది దిద్ది గట్టిపరిచినవి. మర్నాడు ఇంకో పూత వేశాను. మూడో రోజు మూడోది.

సూరిబాబు గారు పంపినవాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసుకున్నాను. ఇంతవరకూ నలుగురి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఒకాయన నవ్వేశాడు. ఒకాయన తలుపు వేసుకున్నాడు. ఇద్దరు ఏమీ అనలేదు. మూడో ఇంటికి హిమబిందు కూడా వచ్చింది. లోపలికి రాలేదు, బండి మీదే కూర్చుని నేను బయటికొచ్చే దాకా ఎదురుచూసింది. ఆ స్వీటు షాపు ఓనరు ఇంటి చుట్టూ గీసిన గీత తీసేశారో లేదో నేనడగలేదు. తనూ చెప్పలేదు.

సూరిబాబు గారు ఇప్పుడు పొద్దున్న నడకకి ఆ గోడ వైపు రావడం లేదట, ఇంకో సందులోంచి వెళ్తున్నారట. ఆయన నన్నింకా పిలవలేదు. నేను మాత్రం రోజూ ఆ దారినే వెళ్తున్నాను. నిన్న పొద్దున ఎండ ఏటవాలుగా పడుతుంటే గోడ దగ్గర ఆగి చూశాను. మూడు పూతల కింద కూడా ఆయన పేరు చదవగలిగాను. ఇవాళ నాలుగోది వెయ్యాలి.